మొక్క పేరు చివరి ‘ఏ’

వృక్షశాస్త్ర తోట వెనక ఉన్న రెండంతస్తుల భవనంలో ఎండిన మొక్కలను కాగితాల మీద కుట్టే ఆవిడను అందరూ కుట్టక్క అంటారు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకతను జీతాల పట్టీలో ఆవిడ అసలు పేరు చూసి, "ఈవిడెవరు, ఎప్పుడూ కనబడలేదే" అన్నాడట.

ఆవిడ పని కుట్టడం. ఆవిడను కుట్టేది మాత్రం ఒక తీగ. కన్ను కుట్టడం అంటారే, ఆ కుట్టడం.

ఆ తీగ శాస్త్రీయ నామంలో రెండు మాటలున్నాయి. మొదటిది ఇంటిపేరు లాంటిది, పలకబోతే నోరు తిరగదు. ఆ తీగకు అక్కచెల్లెళ్ళ వరసయ్యే మొక్కలన్నిటికీ అదే. రెండోది సొంత పేరు. ఆ సొంత పేరు ‘చీమే’. చీమ అంటే కుట్టక్క తోడికోడలు.

చీమ బక్కపలచని మనిషి. ఒకచోట కుదురుగా నిలవదు. చెట్టని లేదు, గోడని లేదు, పట్టు దొరికితే చాలు ఎక్కేస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అటక మీది సామాను దించడానికి నిచ్చెన కోసం ఇల్లంతా వెతుకుతుంటే, ఈమె తలుపు గడియ మీద కాలు పెట్టి అటకెక్కేసింది. ఆ రోజునుంచి ఇంట్లో అందరికీ చీమే. తర్వాత తోటలోనూ చీమే. మొక్కలు సేకరించడానికి కొండలకు వెళ్ళే బృందంలో చురుకైన మనిషి కావాలంటే ఆమెను తీసుకొచ్చి పెట్టించింది కుట్టక్కే. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది కుట్టక్కకు.

ఆ పని ఎలాంటిదో చెప్పాలి. కొండమీద కోసిన మొక్కను పాత వార్తాపత్రికల మధ్య పరిచి, చెక్కల మధ్య బిగించి, తడి పోయేదాకా కాగితాలు మారుస్తూ ఆరబెడతారు. బాగా ఎండినదాన్ని కుట్టక్క బల్లమీదికి తెస్తారు. ఆవిడ దాన్ని మందపాటి తెల్ల కాగితం మీద పరిచి, ఆకు ముందువైపు ఒకటీ వెనకవైపు ఒకటీ కనబడేలా తిప్పి, కాడను దారంతో కుట్టి, కాగితం వెనక ముడి వేసి, ఆ ముడి కింది కాగితంలోని మొక్కకు గీసుకోకుండా దానిమీద సన్నటి పట్టీ అతికిస్తుంది. కాడ పెళుసుగా ఉన్నచోట ముందువైపు కూడా ఒక పట్టీ వేస్తుంది. రాలిన పువ్వునూ గింజనూ చిన్న పొట్లంలో వేసి మూలన అంటిస్తుంది. మొక్క పేరూ, దాన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కోశారో రాసిన చీటీ కింద కుడివైపున. ఇనప బీరువాల్లో నాఫ్తలీన్ వాసన మధ్య అలాంటి కాగితాలు గుట్టలు గుట్టలు. వాటిలో చాలావరకు ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే.

ఇక ఆ తీగ. వానలు వెనకబట్టాక ఒకసారి బృందంలో ఆడమనిషి ఒక్కతే ఉంటే బాగుండదని కుట్టక్కను కూడా తోడు పంపారు. లోయ పక్కన బండమీదికి ఒరిగిన చెట్టు కొమ్మనుంచి ఆ తీగ వేలాడుతోంది. మైనంతో చేసినట్టున్న లేతపసుపు పూల గుత్తి. అప్పటికి ఆ భవనానికి పెద్ద శాస్త్రవేత్త అయిన పెద్దసారు మెడ వెనక్కి వాల్చి చూసి, "ఆ పువ్వు నాకు కావాలి" అన్నాడు. కొమ్మలు కోసే దోటి జీపులో ఉండిపోయింది. జీపు కొండ కింద ఉంది.

"అక్కా, అలా బండకానుకుని నిలబడు. కదలకు" అంది చీమ. అని ఊరుకోలేదు, కుట్టక్క తొడమీద ఒక కాలు, నడుం మీద ఒక కాలు, చివరికి రెండు భుజాల మీదా రెండు కాళ్ళు. మడమ ఎముకలోకి దిగుతోంది. "అయిందా?" "ఇంకొంచెం." "అయిందే?" "ఇదిగో అక్కా, కాస్త మునివేళ్ళ మీద లే." భుజాన మనిషిని మోస్తూ మునివేళ్ళ మీద లేవడం ఎలాగో ఎవరికి చెబితే అర్థమవుతుంది. కుట్టక్క లేచింది. చీమ రెండు చేతులూ కొమ్మను పట్టుకునే ఉన్నాయి కనక తీగ కాడను పళ్ళతో కరిచి తెంపుకుని దిగింది. నోట్లో పూలగుత్తితో ఉన్న ఆమెను చూసి సారు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. భుజం వైపు ఎవరూ చూడలేదు. ఆ కుడి భుజం ఇప్పటికీ చేయి పైకెత్తితే కలుక్కుమంటుంది.

కొన్ని నెలలకు పెద్దసారు అందర్నీ హాల్లోకి పిలిచి టీ, బిస్కెట్లు పెట్టించి, ఆ తీగ కొత్తదని చెప్పాడు. ఏ పుస్తకంలోనూ ఇంతవరకు దొరకలేదు కాబట్టి పేరు పెట్టే హక్కు తనదన్నాడు. నోరు తిరగని ఇంటిపేరు ఒకటి పలికి, దాని పక్కన "చీమే" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

కుట్టక్కకు ఆ చప్పట్లలో ఒకే అక్షరం వినబడింది. ఏ.

మన మాటలో చివర ‘ఏ’ చేరిందంటే మిగతావాళ్ళందర్నీ గదిలోంచి బయటికి పంపి తలుపు వేసినట్టే. ‘నువ్వు చేశావు’ అంటే పక్కవాళ్ళకూ చోటుంటుంది. ‘నువ్వే చేశావు’ అంటే ఉండదు. చీమే. ఇంకెవరూ కాదు, చీమ ఒక్కతే. ఆ పెద్దమనిషికి ఇంత పదును దేనికి? ‘చీమ’ అని ఊరుకోవచ్చుగా? భుజాన మనిషిని మోసిన ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటుంటే, కావాలని ఆ ఏ తగిలించాడా?

ఆవిడ ఎవరినీ అడగలేదు. అడిగితే కుళ్ళనుకుంటారు. అది కుళ్ళే.

ఇక్కడ ఒక మాట తిన్నగానే చెప్పుకోవాలి. ఆ బీరువాల్లో మనుషుల పేర్లు మోస్తున్న మొక్కలు తక్కువేం కాదు. ఎవరివి ఆ పేర్లు? అధికారులవి, వాళ్ళ భార్యలవి, చందాలిచ్చిన వాళ్ళవి, ఒక శాస్త్రవేత్తకు ఇంకో శాస్త్రవేత్త బదులు తీర్చుకున్నవి. మొక్క ఎక్కడుందో చూపించినవాళ్ళవి, దారి కొట్టినవాళ్ళవి, తడి కాగితాలు నిప్పు సెగన ఆరబెట్టినవాళ్ళవి వెతికి పట్టుకోవాలి. ఆ లెక్కన ఒక కాంట్రాక్టు కూలీ పేరు ఒక మొక్కకు చేరడం చిన్న విషయం కాదు. కానీ ఆ గొప్ప పని చేసిన సారుకు ఆమె అసలు పేరు తెలియదు. అడగలేదు కూడా. అందరూ పిలిచేది ఆయనా పిలిచాడు, అదే అచ్చేశాడు. తోటవాళ్ళు ఆమె ఫొటోతో పోస్టరు వేయించి గేటు దగ్గర పెట్టారు. ఉద్యోగం పర్మనెంటు చేయమని అర్జీ పట్టుకుని వెళితే మేనేజరు నవ్వుతూ, "నీ పేరున మొక్కే ఉంది, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. ప్రతి ఏడూ అదే నవ్వు. మొక్కకు పేరు పెట్టారు గానీ మనిషికి ఉద్యోగం పెట్టలేదు.

ఇదంతా కుట్టక్క ఎరుగును. తాను పర్మనెంటు, ఫ్యాను కింద కూర్చుని చేసే పని. చీమకు ఎండావానా, మోకాలు పాడయ్యాక నర్సరీలో మట్టి సంచులు. న్యాయాన్యాయాలు తెలియక కాదు ఆవిడ కుళ్ళుకునేది. తెలిసి కూడా ఆపుకోలేక.

ఇంటికెళితే అక్కడా అదే. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క వాటాలు, మధ్యలో ఒకటే పంపు. అత్తగారు పగలు పెద్దకొడుకు వాటాలో, భోజనం చిన్నకొడుకు వాటాలో. ఎవరొచ్చినా, "మా చిన్నకోడలి పేరున మొక్కుంది తెలుసా" అనేది. "మరి పెద్దకోడలో?" అంటే, "పెద్దది కుడుతుందిలే" అనేది. ఆ ‘లే’ కూడా కుట్టక్కకు బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నం పరిశోధన చేసే స్కాలరమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"కుట్టక్కా, ఆ పసుపుపూల తీగ కాయితం ఒకసారి తీస్తారా? ఎర్ర ఫోల్డర్లోది."

కొత్త పేరు పెట్టినప్పుడు ఆ పేరు ఏ కాగితం మీది మొక్క చూసి పెట్టారో, ఆ కాగితాన్ని ఎర్ర ఫోల్డర్లో విడిగా ఉంచుతారు. దాన్ని తీయించారంటే ఏదో ఉందన్నమాట.

"ఏమైందమ్మా?"

"పేరు పోతోంది."

కుట్టక్క సూది గుచ్చబోయి ఆగింది. "పోవడమంటే?"

"ఇదే తీగకి వేరే దేశంలో చాలా ముందే ఒకరు పేరు పెట్టి అచ్చేశారు. అది పెద్దసారు కంట పడలేదు. వాళ్ళ కాయితం, మన కాయితం పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ ఒకటే తీగ. అలాంటప్పుడు ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది."

"బస్సులో సీటు మీద ముందే ఎవరో కర్చీఫ్ వేసేశారన్నమాట."

"అచ్చం అంతే. మనం చూసుకోకుండా కూర్చున్నాం. ఇప్పుడు లేవాలి."

కుట్టక్క మొహం చాలా జాగ్రత్తగా మామూలుగా పెట్టుకుంది. లోపల ఎవరో పంచదార పలుకు నాలుకమీద పెట్టినట్టుంది. ఆ తీపి త్వరగా కరిగిపోకుండా ఇంకాస్త అడిగింది.

"మరి మొన్న ఆ మూల బీరువాలో సగం చీటీలు మార్పించారు, వాటికీ ఎవరైనా కర్చీఫ్ వేశారా?"

"లేదక్కా, వాటికి ఇంటిపేరు మారింది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని ఒక ఇంట్లో కలిపేశారు అప్పట్లో. ఇప్పుడు లోపలి సంగతులు పరీక్ష చేస్తే అసలు చుట్టరికమే లేదని తేలింది. అందుకని వేరే ఇంట్లో చేర్చాం. సొంత పేరు దాదాపు అలాగే ఉంటుంది."

"పెళ్ళయిన ఆడదానికి మల్లే."

"ఆడదానికి అడగను కూడా అడగరు కదక్కా. వీటికైనా రుజువు చూపించాలి."

కుట్టక్క నవ్వింది. "అయినా ఇన్నిసార్లు మార్చడమెందుకు, ఏదో ఒకటి అనుకుని ఊరుకోవచ్చుగా. మీరు మార్చడం, నేను అతికించడం."

"ఒకే మొక్కకి రెండు పేర్లుంటే రెండు మొక్కలనుకుంటారు. రెండు మొక్కలకి ఒకే పేరుంటే ఒకటే అనుకుంటారు. మందు అని ఒకరు రాసింది చదివి ఇంకొకరు విషం నమిలితే? మనకి తెలిసింది మారినప్పుడు పేరూ మారాలి. పేరు పెట్టినవాళ్ళ కోసం కాదు కదా పేరు, వెతుక్కునేవాళ్ళ కోసం."

అది విన్నా కుట్టక్క మనసు అక్కడ లేదు. ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రశ్న ఇప్పుడు అడగొచ్చు. పోయే పేరు గురించి అడిగితే కుళ్ళని ఎవరంటారు?

"చీమ అంటే సరిపోయేదిగా. ఆ ఏ ఎందుకట చివర?"

"అదా? అది మన ఏ కాదక్కా. ఈ పేర్లన్నీ పెట్టేది లాటిన్‌లో, అందులో ఒక ఆడమనిషి ‘యొక్క’ అనడానికి అది చేరుస్తారు. చీమ యొక్క తీగ అని. మగవాడైతే ‘ఇ’ చేరుస్తారు."

ఇన్నేళ్ళూ కుట్టక్కను గదిలోంచి గెంటిన అక్షరం ఉత్త ‘యొక్క’. తేలిగ్గా ఉండాల్సింది. స్కాలరమ్మాయి అక్కడితో ఆపి ఉంటే ఉండేదేమో.

"ఇద్దరు ఆడవాళ్ళయితే ‘అరుమ్’ అని పెడతారు" అందా అమ్మాయి, కాగితం మీదికి భూతద్దం వంచుతూ.

"ఇద్దరికీ కలిపి ఉంటుందా?"

"ఉంటుందిగా. అక్కచెల్లెళ్ళ పేరుతో ఉన్నవి చూశాను నేను."

సూది కుట్టక్క బొటనవేలిలో దిగింది. ఇద్దరికీ కలిపి ఒక మాట ఉంది. ఆ సారుకు తెలియక కాదు, లాటిన్ అంతా తెలిసినవాడు. ఉన్న మాట వాడలేదు. ఇన్నాళ్ళూ ‘ఏ’ మీద ఉన్న కోపం అబద్ధం కాదు, చిరునామా ఒక్కటే తప్పు. సారు రిటైరై ఎక్కడో ఉన్నాడు. కుళ్ళుకోవడానికి అంతదూరం వెళ్ళలేం. పక్క వాటాలో ఉన్న మనిషి మీదైతే సుఖం.

"కొత్త చీటీ అచ్చు తీసి రేపు మీకిస్తాను. పాత చీటీకి పైన అతికించండి. దాన్ని కప్పకండేం. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో తర్వాతివాళ్ళకి తెలియాలి."

"నాకు చెప్పాలా" అంది కుట్టక్క. ఆ నియమం ఆవిడ ఎప్పుడూ తప్పలేదు. ఈ ఒక్క కాగితానికి తప్పితే ఏమవుతుందని మాత్రం అప్పుడే అనుకుంది. జిగురు జారిందంటే చాలు. చీటీ కాస్త కిందికి పడిందంటే చాలు. ఆ అక్షరాలు ఇక ఎవరికీ కనబడవు.

సాయంత్రం దాకా ఆగలేకపోయింది. విచారంగా మొహం ఎలా పెట్టాలో దారిలో అనుకుంటూ నర్సరీకి వెళ్ళింది. చీమ పీటమీద కూర్చుని నల్ల సంచుల్లో మట్టి కూరుతోంది. చుట్టూ ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు.

"చీమా, నీకో మాట చెప్పాలే. మనసు కష్టపెట్టుకోకు."

"ఏంటక్కా, అత్తయ్య పడిపోయిందా?"

"ఆవిడకేం, రాయిలా ఉంది. నీ తీగ పేరు తీసేస్తున్నారట."

సంచి నింపుతున్న చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "ఎందుకట?"

"ఇంకెవరో ముందే పేరు పెట్టేశారట. సారు చూసుకోలేదు. నాకైతే వినగానే ప్రాణం ఉసూరుమంది."

"నీకెందుకక్కా ఉసూరుమనడం. నాకైతే చీమ కుట్టినట్టయినా లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. "చీమకి చీమ ఎలా కుడుతుందే" అని ఒకావిడ పొట్ట పట్టుకుంది. చీమ కూడా నవ్వింది. సంచి మూతి దగ్గర పట్టి మరో దోసెడు మట్టి పోసింది.

కుట్టక్కకు విందు పిలిచి విస్తరి లాగేసినట్టయింది. ఏడిస్తే బాగుండును. కనీసం తలవంచుకున్నా బాగుండును. ఓదార్చడానికని తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఇంట్లో మాత్రం లెక్క వేరుగా ఉంది. మర్నాడు పొద్దున చీమ పంపు దగ్గరికి రాలేదు. భర్త బిందె పట్టుకొచ్చాడు. గోడ అవతల గిన్నెల చప్పుడు కూడా మెత్తగా ఉంది. అత్తగారు గడపలో నిలబడి, "ఏమన్నావే దాన్ని?" అంది.

"నేనేమంటాను అత్తయ్యా. లాటిన్‌వాళ్ళన్నారు."

"వాళ్ళెవరు, ఆ చివరింట్లో కొత్తగా దిగినవాళ్ళా?"

"వాళ్ళు కాదులే."

"ఎవరైతేనేం, రాత్రి అది అన్నం ముందు అలాగే కూర్చుంది. అడిగితే, ‘అత్తయ్యా, ఇప్పుడు నాకేముంది’ అంటుంది. మొగుడున్నాడు, ఇల్లుంది, ఏముందంటే ఏం చెప్పను?"

కుట్టక్కకు తెలుసు ఏముందో, ఏం లేదో. పర్మనెంటు అడగడానికి వెళ్ళినప్పుడు చూపించుకోవడానికి ఆ పేరు ఒక్కటే ఉండేది. అది విని మేనేజరు నవ్వాడు, నిజమే. కానీ రేపు నవ్వడానికి కూడా ఏమీ ఉండదు. తెలిసింది. తెలిసినా లోపలి చక్కెర పూర్తిగా చేదు కాలేదు. మనిషి గుండె అంత శుభ్రమైన చోటేం కాదు.

ఆ మధ్యాహ్నం కొత్త చీటీ వచ్చింది. గదిలో ఎవరూ లేరు. కుట్టక్క ఎర్ర ఫోల్డరు తెరిచి కాగితం బల్లమీద పరిచింది. పసుపు పూలు ఎండి తేనె రంగుకు తిరిగాయి. ఆకులు తాను తిప్పినట్టే, ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. చీటీ వెనక జిగురు రాసింది. చీటీ మూలలు వేళ్ళతో పట్టుకుని, పాత చీటీ మీదికే తెచ్చింది.

"అక్కా."

గుమ్మంలో చీమ. చేతులకు మట్టి, చెప్పులు బయటే విడిచింది. కాంట్రాక్టువాళ్ళు ఈ గదిలోకి రాకూడదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. ఒకసారి చూసి పోతాను. తీసేసేలోపు."

"ఏం చూస్తావు?"

"నా పేరున్న కాయితం. నేనెప్పుడూ చూడలేదుగా. గేటు దగ్గర నా ఫొటో చూడ్డమే."

కుట్టక్క చేయి గాల్లోనే ఉండిపోయింది. తన చేత్తో కుట్టి, తన చేత్తో బీరువాలో పెట్టిన కాగితాన్ని ఎవరి పేరున పెట్టిందో ఆ మనిషే చూడలేదన్న సంగతి ఇంతవరకు ఆవిడకు తట్టనే లేదు. పోస్టరు చూసి కుళ్ళుకోవడానికే తీరిక చాలలేదు.

చీమ చేతులు వెనక్కి కట్టుకుని వంగింది. ముట్టుకోకూడదని ఎవరూ చెప్పకుండానే.

"ఇంత చిన్నదా? పైన పెద్దగా కనబడిందే."

"ఎండితే ముడుచుకోదూ."

"కాడ మీద నా పళ్ళ గాటు ఉండాలే. కరిచి తెచ్చాను."

"పట్టీ కింద ఉంది" అంది కుట్టక్క.

"కప్పేశావా?"

"కాడ అక్కడే బలహీనంగా ఉంది. పట్టీ అక్కడే వేయాలి."

అది నిజం. సగం నిజం. వేలెడు పైన వేసినా కాడ నిలిచేది. ఆ రోజు పట్టీ ఎక్కడ వేయాలో నిర్ణయించింది కాడ కాదు, భుజం నొప్పి. చీమ ఆవిడ మొహంలోకి చూసింది, మళ్ళీ కాగితంలోకి చూసింది, ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే అడిగినట్టుంది.

"కొత్త పేరు ఎవరిదట?"

"ఎవరో పెద్ద ఎస్టేటు యజమాని భార్యదట. పేరు పెట్టినాయన వాళ్ళ బంగళాలో దిగాడట. దాని చివరా ‘ఏ’ ఉంది."

"ఆవిడ చూసిందా ఈ తీగని?"

"ఏమో."

"చూసుంటే మాత్రం, ఆవిడ ఎవరి భుజమెక్కిందో అక్కా."

కుట్టక్కకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ భుజం మాట ఇంకో మనిషి నోట వినడం అదే మొదలు. చప్పట్లు లేవు, టీ లేదు, బిస్కెట్టు అసలే లేదు. అయినా విన్నది.

"నీకు గుర్తుందా?" అంది.

"గుర్తులేకపోవడమేంటి. దిగాక సారుకి చెప్పాను కూడా, అక్క లేకపోతే అందేది కాదండీ అని. ఆయన పువ్వు వాసన చూసుకుంటున్నాడు. నీతో అందామంటే నువ్వా రోజునుంచి మొహం మాడ్చుకునే ఉన్నావు. నాకూ ఒళ్ళు మండింది. ఫ్యాను కింద కుర్చీ ఆవిడది, పర్మనెంటు ఆవిడది, మళ్ళీ నా మీద కుళ్ళెందుకు అనుకున్నాను. ఎండలో మట్టి పిసుకుతూ ఈ కిటికీ చూసినప్పుడల్లా నాకెలా ఉండేదో నీకేం తెలుసు?"

"ఈ కిటికీ వైపా?"

"మరి నీ పోస్టరు లేదుగా చూసి ఏడవడానికి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డారు. చీటీ వెనక జిగురు ఆరిపోతోంది.

"ఇప్పుడు నా పేరు చింపేస్తారా?" అంది చీమ.

"చింపరు. కప్పరు కూడా. కొత్తది పైన పెడతాం, పాతది కిందే ఉంటుంది. ఈ తీగకి ఒకప్పుడు ఈ పేరుండేదని పుస్తకంలోనూ రాస్తారు. మీ మేనేజరు మళ్ళీ నవ్వితే చెప్పు, పోయిందంటే పోలేదని. కావాలంటే నేనొచ్చి చెబుతాను. ఉద్యోగుల సంఘంవాళ్ళని కూడా వెంటబెట్టుకుని."

అనేశాక తన మాట తనకే కొత్తగా వినబడింది. ఆవిడ చీటీ వెనక మళ్ళీ పల్చగా జిగురు రాసింది. పాత చీటీకి పైన, అంగుళం ఎడంగా, వంకర లేకుండా అతికించింది. మెత్తటి గుడ్డతో అద్దింది. రెండూ కనబడుతున్నాయి. కిందిదాన్లో చివర ఆ అక్షరం ఎప్పటిలాగే ఉంది. ఎప్పటిలాగే కొంచెం గుచ్చింది కూడా.

కాడ చివర దారం ఒకచోట వదులైంది. సూదిలో దారం ఎక్కించి, "ఆ అంచు పట్టుకో. మట్టి తుడుచుకుని" అంది. చీమ చేతులు చీరకు తుడుచుకుని కాగితం అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టింది. కుట్టక్క వెనకవైపు ముడి వేసింది. చీమ ఆ కుట్లను ఒక్కొక్కటే చూసింది. తర్వాత పక్కన తెరిచి ఉన్న బీరువాలోకి, అందులోని కాగితాల గుట్టల్లోకి చూసింది. పైన ఉన్న ఒక కాగితానికి చీటీ మీద చీటీ నిచ్చెనలా ఉన్నాయి.

"దీనికెన్ని పేర్లు మార్చారో. మొక్కని మాత్రం ఎవరూ విప్పలేదు కదా అక్కా?"

"విప్పితే విరిగిపోదూ."

"అయితే ఇక్కడ మారనిది నీ కుట్టే."

కుట్టక్క ఒక్క ముడి చాలిన చోట రెండోది కూడా వేసి, దారం కొరికింది.

"ఏ అంటే ‘యొక్క’ అనటే, లాటిన్‌లో" అంది.

"లాటిన్‌తో నాకేం పని" అంది చీమ, చెప్పుల కోసం గుమ్మం వైపు నడుస్తూ. "నేను మన మాటలోనే అన్నాను."